నాలుగు వందల పదిహేడో నంబరు బిళ్ళ

నస్పూర్‌లో రాజంను ఎవరైనా కదిలిస్తే చాలు, మూడో నంబరు బొగ్గుబాయి ఫుట్‌బాల్ జట్టు పరాయి ఊళ్ళలో కొట్టిన ప్రతి గోలూ పూసగుచ్చినట్టు చెబుతాడు. ఎవరు కొట్టారో, ఏ కాలితో కొట్టారో, అవతలి గోల్‌కీపర్ ఎటు దూకి ఎట్లా బోర్లా పడ్డాడో, అంతా. మధ్యమధ్య ఆగి ఊపిరి తీసుకోవలసి వస్తుంది. ముప్పై ఆరేళ్ళు బాయిలో మింగిన బొగ్గుపొడి ఊరికే పోదు కదా. వినేవాళ్ళు ఓపికగా ఆగి వింటారు. ఆయన చెప్పకుండా దాటేసేది ఒక్కటే. ఆ గోల్స్‌లో ఏ ఒక్కటీ ఆయన కళ్ళతో చూడలేదు.

ఈ గుట్టు మనుమరాలు నవ్యశ్రీకి తెలుసు. డిగ్రీ రెండో ఏట పుస్తకాలకు దండం పెట్టి కుట్టుమిషన్ ముందు కూర్చున్న పిల్ల. తాతను ఏడిపించడం ఆమెకు జాకెట్టుకు హుక్కు కుట్టినంత సులువు.

"లారీల కూసొని గోల్ జూసినోడు దునియాల మా తాతొక్కడే," అంటుంది బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళతో.

"సూసుడెందుకే? సప్పుడు ఇంటె ఎరుకైతది," అంటాడు రాజం మంచం మీద నుంచి. "మనోళ్ళు కొడితే ఒక సప్పుడు, పరాయోళ్ళు కొడితే ఒక సప్పుడు."

"మరి కుడికాలుతోని కొట్టిండని గుడ సప్పుడుకే ఎరుకైతదా?"

రాజం అటు తిరిగి పడుకుంటాడు. ఈ మధ్య అటు తిరిగి పడుకోవడం ఎక్కువైంది.

మాట మాత్రం నిజమే. లారీని విడిచి కదలకపోవడమే ఆయన పని. ఎనభైల్లో పరాయి ఊరికి మ్యాచ్ చూడపోవడమంటే వేడుక కాదు. ఆదివారం పొద్దున ముప్పై మందికి తక్కువ కాకుండా లారీ ఎక్కేవాళ్ళు. బాయిలో పెట్టుకునే నల్లటోపీలు నెత్తిన ఉండేవి, అందం కోసం కాదు. మనవాళ్ళు గెలిస్తే రాళ్ళు పడేవి. ఓడితే బూతులు పడేవి, వెనక నుంచి రాళ్ళూ పడేవి. రెఫరీ ఈల ఊది ఊదకముందే ఎటు పరుగెత్తాలో చూసిపెట్టుకున్నవాడే తెలివిగలవాడు. ఒక ఊళ్ళో గెలిచిన కప్పును గోనెసంచిలో చుట్టి, పశువుల మేత మోస్తున్నట్టు నటిస్తూ ఊరు దాటించారు. ఇంకో ఊళ్ళో డప్పు కొట్టే హనుమంతును రైల్వేస్టేషన్ దాకా తరిమారు. అతను ఆగి ఉన్న గూడ్సు బండిలో దూరి దాక్కున్నాడు. అది కదిలింది. మూడోనాడు మహారాష్ట్రలోని బల్లార్షా నుంచి తిరిగొచ్చాడు, ముఖం మసి, కడుపు ఖాళీ, చంకలో డప్పు. వాళ్ళావిడ డప్పును చూసి ఏడ్చిందా, మనిషిని చూసి ఏడ్చిందా అని కాలనీలో ఇప్పటికీ పందెం నడుస్తూనే ఉంటుంది.

ఆ గూడ్సు బండి దెబ్బతోనే బిళ్ళల పద్ధతి వచ్చింది. తెచ్చింది అదే బాయిలో పనిచేసే కొండల్. బాయిలోకి దిగే ప్రతి మనిషికీ నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ ఒకటి ఉండేది. దీపాల గదిలో బిళ్ళ ఇచ్చి తలదీపం తీసుకోవాలి, పైకి వచ్చాక దీపం ఇచ్చి బిళ్ళ తీసుకోవాలి. గోడకు బిళ్ళ మిగిలిందంటే మనిషి ఇంకా భూమి లోపలే ఉన్నట్టు.

"బాయిలకు దిగెటప్పుడు లెక్క ఉంటది, లారీ దిగెటప్పుడు ఉండద్దా?" అన్నాడు కొండల్. "దిగెటప్పుడు బిళ్ళ ఇయ్యాలె, ఎక్కినంకనే తీస్కోవాలె. బిళ్ళ మిగిలితే లారీ కదలద్దు. రాజం చేతికియ్యుండ్రి. వాడు కదలడు."

అట్లా రాజం బిళ్ళల రాజం అయ్యాడు. ఒక ఇనుపతీగకు బిళ్ళలన్నీ గుచ్చుకొని లారీ వెనక కూర్చునేవాడు. బిళ్ళ లేకపోతే మరునాడు దీపం లేదు, దీపం లేకపోతే షిఫ్టు లేదు. అందుకని ఎంత తాగినవాడైనా లారీ దగ్గరికి వచ్చి నంబరు చెప్పేవాడు. రాజం ఒక్క మనిషినీ విడిచి రాలేదని పేరు పడింది. ఆ పేరుతోనే రిటైరయ్యాడు, ఆ పేరుతోనే దగ్గుతున్నాడు.

ఒక శుక్రవారం హరీష్ వచ్చాడు. కాలనీ పిల్లవాడే. పాతవాళ్ళ ముచ్చట్లను ఫోన్‌లో వీడియో తీసి పెడుతుంటాడు. ఈసారి పరాయి ఊళ్ళ మ్యాచ్‌ల భయాల మీద తీస్తున్నాడు. రాజం కప్పు సంగతి చెప్పాడు, హనుమంతు సంగతి చెప్పాడు, చూడని గోల్స్ నాలుగు చెప్పాడు.

"తాతా, తుంగమడుగు మ్యాచ్ జెప్పు," అన్నాడు హరీష్.

రాజం దగ్గాడు. దగ్గు ఆగాక కూడా కొంచెంసేపు దగ్గాడు.

"హనుమంతు తాత నిన్ననే జెప్పిండులే," అన్నాడు హరీష్. "అందరు ఎక్కినంక కొండల్ తాత తెగిన చెప్పు కోసమని మళ్ల దిగిండట గదా. చెప్పు కోసం మోకాలు పోగొట్టుకున్నడని మస్తు నవ్విండు. దాన్నే పెద్దగ పెడ్తున్న, ఎల్లుండి ఐతారం నాడు. రేపు నీ టోపీ ఫోటో ఒకటి తీస్కుంటె అయిపాయె."

హరీష్ పోయాక నవ్యశ్రీ టోపీని అటక మీద నుంచి దించి దుమ్ము దులిపింది. బోర్లించి తట్టేసరికి లోపలి పట్టీ సందులో నుంచి ఇత్తడి బిళ్ళ ఒకటి గచ్చు మీద పడి, దొర్లి, మంచం కోడు దగ్గర ఆగింది.

"తాతా, రిటైరైనప్పుడు బిళ్ళ వాపస్ తీస్కుంటరంటివి గదా. దొంగతనం జేసినవా?" అంది వంగి తీస్తూ. "నీది రెండు వందల ఆరు. గిది నాలుగు వందల పదిహేడు. గిదెవల్ది?"

నవ్యశ్రీ తలెత్తి చూసింది. తాత అటు తిరిగి పడుకోలేదు. లేచి కూర్చున్నాడు, నేలకేసి చూస్తున్నాడు.

"కొండలన్నది," అన్నాడు.

తుంగమడుగు గోదావరి అవతలి సున్నం బట్టీల ఊరు. పందొమ్మిది వందల ఎనభై ఆరులో, వానలు వెనకబట్టిన ఒక ఆదివారం. మనవాళ్ళు రెండు గోల్స్, వాళ్ళు ఒకటి. ఆ రెండోది గోల్ కాదని వాళ్ళు, అవునని మనవాళ్ళు. లారీ బట్టీ గేటు ముందు ఉంది. రాజం చప్పుడు విన్నాడు. మనవాళ్ళ గోల్ చప్పుడు. దాని వెనకే ఆయనకు తెలియని చప్పుడు ఒకటి వచ్చింది. ఎట్లాంటిదంటే, బాయిలో పైకప్పు కూలేముందు రాయి ముక్కుతుందే, అట్లాంటిది. తర్వాత మనుషులు పరుగెత్తి రావడం మొదలైంది. టోపీల మీద రాళ్ళు టకటకా పడుతున్నాయి. నంబరు అరుస్తున్నారు, రాజం తీగలో నుంచి బిళ్ళ తీసి ఇస్తున్నాడు, ఒకళ్ళ వెనక ఒకళ్ళు లారీలో పడుతున్నారు. ఒక రాయి ముందు అద్దం పగలగొట్టింది. డ్రైవరు సదానందం నుదుటి నుంచి నెత్తురు కారుతోంది. బట్టీవాళ్ళు పారలు పట్టుకొని గేటు దాటారు.

"అందరచ్చిండ్రా?" అని సదానందం కేక వేశాడు.

తీగ మీద ఒక బిళ్ళ ఉంది. రాజం దాన్ని చూశాడు. నంబరు చదివాడు కూడా.

"వచ్చిండ్రు, నడ్వు," అన్నాడు.

లెక్క తప్పింది కాదు. చీకటి కాదు, తొందరలో కనపడకపోలేదు. చదివి, తెలిసి, అన్నాడు. ప్రాణభయంతో నోరు ఆ మాట అనేసింది. ముప్పై ఎనిమిదేళ్ళ నుంచి ఆ ఒక్క మాటను నోట్లో అటూ ఇటూ తిప్పుకుంటూ ఉన్నాడు.

కొండల్ మూడోనాడు వచ్చాడు. తుంగమడుగులోనే బట్టీలో పనిచేసే ఒకామె ఆయనను సున్నం మోసే బండిలో వేసి బస్సుదాకా చేర్చిందట. కుడి మోకాలు పగిలింది. అందరూ చుట్టూ చేరారు. రాజం మీద ఎవరికీ అనుమానం రాలేదు. లెక్క ఎట్లా తప్పిందన్నదే అందరి ప్రశ్న. అందరి ముందు రాజం అన్నాడు: "బిళ్ళ తీస్కున్నడు. మళ్ల దిగినట్టున్నడు."

కొండల్ ఆయన ముఖంలోకి చూశాడు. చాలాసేపు కాదు. "అవ్," అన్నాడు. "చెప్పు తెగి వడ్డది. దిగిన."

బిళ్ళ ఏదని దీపాల గదిలో అడిగితే కొట్లాటలో పోయిందని కొండల్ చెప్పాడు. అది రాజం టోపీ పట్టీలో ఉంది. ఆ మోకాలితో మళ్ళీ బాయిలోకి దిగలేడని పైపని ఇచ్చారు. ఏ పని ఇచ్చారంటే, దీపాల గదిలో.

ఇక అక్కడి నుంచి ఇరవై ఎనిమిదేళ్ళు. షిఫ్టుకు వచ్చిన ప్రతిరోజూ రాజం తన బిళ్ళను కిటికీలో పెట్టేవాడు. లోపల నుంచి కొండల్ "రెండు వందల ఆరు" అనేవాడు, దీపం ఇచ్చేవాడు. షిఫ్టు దిగాక రాజం దీపం పెట్టేవాడు, కొండల్ "రెండు వందల ఆరు" అని బిళ్ళ తోసేవాడు. ఇద్దరి మధ్యా మాటలంటే అవే. ఒక్కరోజు తిట్టినా బాగుండేదని, ఒక్కరోజు బిళ్ళ ఇవ్వకుండా సతాయించినా బాగుండేదని రాజం బాయి లోపల కూర్చొని అనుకునేవాడు. బొగ్గు ఎత్తిన అలుపు కంటే ఆ కిటికీ అలుపు ఎక్కువ ఉండేది.

అంతా విని నవ్యశ్రీ మిషన్ మీద గుడ్డ కప్పింది.

"ఐతారం నాడు గా వీడియో కొండల్ తాత మనుమలు గుడ సూస్తరు," అంది. "చెప్పు కోసం దిగిన ముసలోడని నవ్వుకుంటరు."

"అందుకే గద చెప్తున్న."

"పొద్దుగాల పెద్దపల్లికి ప్యాసింజర్ ఉంటది. కొండల్ తాత తానికి పోదాం. దగ్గు మందు పెట్టుకో. చూడని గోల్స్ రైల్ల చెప్పకు, జనం దిగిపోతరు."

మర్నాడు మంచిర్యాలలో రైలెక్కి పెద్దపల్లిలో దిగి, ఆటోలో కొండల్ ఊరికి చేరేసరికి ఎండ ముదిరింది. రోడ్డు మీద ఒకవైపంతా వడ్లు పోసి ఉన్నాయి. కొండల్ వాటిని కాళ్ళతో తిరగబెడుతున్నాడు. వంగని కుడికాలు ఈడ్చినచోట లావు గీత, ఎడమకాలు నడిచినచోట సన్న గీత. వడ్ల నిండా అట్లా జతజతలుగా గీతలు. రాజం ఆ గీతల దగ్గరే ఆగిపోయాడు.

మొదట చూసింది కొండల్ భార్య కొమురవ్వ. "ఎవరచ్చిండ్రో సూడు," అంది అరుగు మీద నుంచి. "ఇరవై ఎనిమిదేండ్లు దీపం తీస్కపోయిన మనిషి. ఒక్కనాడు మా ఇంట్ల చాయ్ తాగి పోలే. రా తమ్మీ. పిల్ల నీ మనుమరాలా?"

"అవ్ వదినె," అన్నాడు రాజం. కూర్చోలేదు. జేబులో నుంచి బిళ్ళ తీసి అరచేతిలో పెట్టి చాపాడు.

కొండల్ దగ్గరికి వచ్చి, కళ్ళు చికిలించి చూశాడు. "నాలుగు వందల పదిహేడు," అన్నాడు. అచ్చం కిటికీలో నుంచి అన్నట్టే.

"నా చేతులనే ఉండె, కొండలన్నా. నంబరు సూశ్న. సూశే నడ్వుమన్న."

"ఎరుకే."

"ఎరుకుండి అందరి ముందర అవ్ అని ఎందుకన్నవ్?"

కొండల్ మళ్ళీ వడ్లలోకి దిగాడు. ఒక వరుస అటు పోయి, ఇటు వచ్చాడు. రాజం నిలబడే ఉన్నాడు.

"కోపానికన్న," అన్నాడు కొండల్ చివరికి. "కాదంటే ఏమైతుండె? హనుమంతుగాడు, వాళ్ళు నిన్ను తందురు. రెండొద్దులు మూలుగుదువు. మూడో రోజు నా ఇంటికచ్చి కల్లు వోపిస్తువు, కాళ్ళు వట్టుకుందువు. గంతటితోని ఒడిసిపోతుండె. గట్ల ఒడవద్దనుకున్న. గా తప్పు వాని తాన్నే ఉండనియ్యి అనుకున్న."

"ఎన్నొద్దులు ఉంచుదామనుకున్నవ్?"

"ఒక ఏడాది. తర్వాత కోపమున్నట్టే నాకు యాది లేకుంట పోయింది. నీ బిళ్ళ చేతుల వడంగనే యాదికస్తుండె. దీపం ఇయ్యంగనే పోతుండె. ఇగ ఇప్పుడు చెప్పుడేందని ఊకున్న. గంతే."

నవ్యశ్రీకి నవ్వు రాబోయింది, ఇద్దరి ముఖాలు చూసి ఆపుకుంది. అరుగు మీద నుంచి గిన్నె కింద పెట్టిన చప్పుడు వినిపించింది.

"చెప్పు తెగలేదా?" అంది కొమురవ్వ.

కొండల్ తిరిగి చూశాడు.

"గా చెప్పులు పెద్దపల్లి అంగట్ల నేనే కొన్న," అంది ఆమె. గొంతు పెంచలేదు. "మంచియి వేరే ఉండె. తక్కువకస్తున్నయని గవి కొన్న. గా రోజు కెల్లి నేను గా చెప్పును తిట్టుకుంట కూసున్న. తక్కువయి కొనకపోతే కాలు మంచిగుంటుండె అనుకుంట. నీ మోకాలుకు నూనె రాసినప్పుడల్ల అనుకుంట. నువ్వేమో రాయిచ్చుకుంట ఊకున్నవ్."

"నువ్వు గట్ల అనుకుంటున్నవని నాకేం ఎరుక?"

"అడిగినవా?"

ఆమె లోపలికి పోయింది. పొయ్యి వెలిగిన చప్పుడు కాలేదు. ఇద్దరు ముసలివాళ్ళూ రోడ్డు మీద, వడ్లకు ఇటొకరు అటొకరు నిలబడిపోయారు. రాజంకు ఊపిరి ఆడక వెళ్ళి అరుగు అంచున కూలబడ్డాడు. ముప్పై ఎనిమిదేళ్ళూ ఆ మాట బరువు తన ఒక్కడి మీదే ఉందనుకున్నాడు. ఇంకొకావిడ కూడా మోస్తున్నదని, అదీ ఆమెకు సంబంధం లేనిదని ఆయనకు తట్టనే లేదు. తప్పు ఒప్పుకుంటే తేలికవుతుందనుకొని వచ్చినవాడికి బరువు ఇంకా పెరిగింది.

కొండల్ వచ్చి పక్కన కూర్చున్నాడు. రాజం మళ్ళీ బిళ్ళ చాపాడు.

"ఈడ తీస్కునుడు లేదు," అన్నాడు కొండల్. "కైదా మర్సినవా? బండెక్కినంకనే."

"ఏ బండి, అన్నా?"

"నస్పూర్ పోయే బండి. గా హరీష్ పోరనికి ఫోన్ జేసి సాయంత్రం ఉండుమను. నేను గుడ చెప్పేది ఉన్నది." తర్వాత లోపలి వైపు తిరిగి, కొంచెం మెల్లగా అన్నాడు: "కొమురా, నువ్వు గుడ రావాలె."

కాసేపటికి కొమురవ్వ ఉతికిన చీర కట్టుకొని, చెప్పులు చేతిలో పట్టుకొని బయటికి వచ్చింది. వడ్లు చూడమని పక్కింటివాళ్ళకు చెప్పింది. మొగుడి వైపు మాత్రం చూడలేదు.

రైల్లో ఆమె నవ్యశ్రీ పక్కన కిటికీ దగ్గర కూర్చుంది. మగవాళ్ళిద్దరూ ఎదురుగా. బండి పెద్దపల్లి దాటేదాకా కొండల్ కుడికాలు దారికి అడ్డంగా చాపి కూర్చున్నాడు. శనగలు అమ్మేవాడు ఆ కాలు దాటుకుంటూ గొణిగాడు. అప్పుడు కొండల్ చెయ్యి చాపాడు. రాజం బిళ్ళ అందులో పెట్టాడు. కొండల్ దాన్ని చొక్కా జేబులో వేసుకొని, జేబు మీద ఒకసారి తట్టుకున్నాడు.

"అందరచ్చిండ్రా తాతా?" అంది నవ్యశ్రీ. మామూలుగా అయితే తాత ఏదో ఒకటి అనేవాడు. ఆయన తల వెనక్కి వాల్చి కళ్ళు మూసుకున్నాడు. గోదావరి వంతెన మీద బండి చప్పుడు మారినప్పుడు కూడా తెరవలేదు.

సాయంత్రం ఇంటి ముందు హరీష్ ఫోన్ నిలబెట్టాడు. కబురు తెలిసి హనుమంతు కూడా వచ్చాడు. రాజం టోపీ ఒళ్ళో పెట్టుకొని చెప్పాడు. గోల్స్ ఏవీ చెప్పలేదు. పోయేటప్పుడు ముప్పై ఇద్దరం, వచ్చేటప్పుడు ముప్పై ఒక్కరం అన్నాడు. తీగ మీద బిళ్ళ ఉన్నది, నేను చదివిన, నడ్వుమన్న, అన్నాడు. మూడుసార్లు ఆగి ఊపిరి తీసుకున్నాడు.

హనుమంతు లేచి నిలబడ్డాడు. "బిళ్ళల రాజమట," అన్నాడు. "ఇన్నేండ్లు నీ పేరు జెప్పుకుంట తిరిగితిని గద, నాయినా." వెళ్ళిపోయాడు. రాజం ఆపలేదు. ఆపే హక్కు లేదనుకున్నాడు, ఓపికా లేదు.

హరీష్ ఫోన్‌ను కొండల్ వైపు తిప్పాడు. కొండల్ గొంతు సవరించుకున్నాడు. అంతమంది ముందు మాట్లాడి ఎన్నేళ్ళో అయింది.

"చెప్పు తెగలే," అన్నాడు. "చెప్పు మంచిగనే ఉండె."

వెనక గడప మీద కూర్చున్న కొమురవ్వ, నవ్యశ్రీ ఇచ్చిన చాయ్ గ్లాసు పక్కన పెట్టింది.

"జర గట్టిగ జెప్పు," అంది.